"ప్లాన్లు శాక్రమెంటోలో ఉన్నాయి" అంటే ఎక్కడ ఉన్నట్టు?

ప్రశ్న: నమస్తే అండీ. మేము కాలిఫోర్నియాలో ఈస్ట్ బే ప్రాంతంలో ఉంటాం. బాబు మూడో తరగతి, పాప కిండర్‌గార్టెన్. వాళ్ల బడి 1970లలో కట్టింది. బడి పనులకు అప్పు తీసుకోవడానికి ఓటర్ల అనుమతి అడిగే బాండ్ ఎన్నికప్పుడు మేమంతా ఇల్లిల్లూ తిరిగి ప్రచారం చేశాం, బాండ్ గెలిచింది. పాత బ్లాక్ బాగుచేస్తాం, తాత్కాలికంగా పెట్టిన పోర్టబుల్ గదులు తీసేసి కొత్త బ్లాక్ కడతాం అన్నారు. రెండేళ్లు దాటింది, ఇంకా పనే మొదలవలేదు. ఎప్పుడు అడిగినా "ప్లాన్లు శాక్రమెంటోలో ఉన్నాయి, స్టేట్ అప్రూవల్ రావాలి" అంటారు. పోనీ ఈలోగా మన తెలుగు తల్లిదండ్రులం తలా కొంత వేసుకుని ఆటస్థలంలో ఒక షేడ్ వేయిద్దామంటే దానికీ స్టేట్ అప్రూవల్ కావాలట. మా అన్నయ్య వాళ్ల ఊళ్లో నాడు-నేడు కింద బడి పనులు తల్లిదండ్రుల కమిటీయే దగ్గరుండి చేయించుకుంది. ఇక్కడ ఇంత తతంగం ఎందుకు? అసెంబ్లీ మెంబర్‌కి పిటిషన్ పెడదామని వాట్సాప్ గ్రూపులో అంటున్నారు. నన్ను బాండ్ పర్యవేక్షణ కమిటీకి దరఖాస్తు చేయమంటున్నారు. ఏం చేయమంటారు? — ఇద్దరు పిల్లల తల్లి

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను పట్టేసిన మాట "శాక్రమెంటో". మీరు ఈస్ట్ బేలో ఉన్నారు. బడి భవనాల ప్లాన్లను భద్రత కోసం పరిశీలించి ముద్ర వేసే రాష్ట్ర సంస్థ పేరు డివిజన్ ఆఫ్ ది స్టేట్ ఆర్కిటెక్ట్, అందరూ డీఎస్‌ఏ అంటారు. దానికి నాలుగు ప్రాంతీయ కార్యాలయాలున్నాయి: ఓక్లాండ్, శాక్రమెంటో, లాస్ ఏంజిలిస్, శాన్ డియాగో. మీ వైపు బడుల ప్లాన్లు మామూలుగా వెళ్లేది ఓక్లాండ్‌కి. కాబట్టి "శాక్రమెంటోలో ఉన్నాయి" అన్న మాటకు రెండు అర్థాలు ఉండొచ్చు. ఒకటి, శాక్రమెంటో రాజధాని కాబట్టి, చెప్పినవాళ్లు అలవాటుగా రాష్ట్ర ప్రభుత్వం మొత్తాన్నీ శాక్రమెంటో అనేశారు. రెండు, ఆగింది ప్లాన్లు కాదు, డబ్బు. ఈ రెండింటికీ మీరు చేయాల్సిన పని పూర్తిగా వేరు. అందుకే "ఎందుకు ఆలస్యం" అని అడగడం ఈ రోజుతో మానేసి, "సరిగ్గా ఎక్కడ ఉంది" అని అడగడం మొదలుపెట్టండి.

నేను ఒక స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతం బడులను నడిపే స్థానిక సంస్థ) బాండ్ పర్యవేక్షణ కమిటీలో నాలుగేళ్లు కూర్చున్నాను. మొదటి ఏడాదంతా నాకూ మీలాగే కోపం. రాష్ట్ర అనుమతి ఒకటే గుమ్మం అనుకునేదాన్ని. నిజానికి మూడు గుమ్మాలున్నాయి.

మొదటిది రాష్ట్ర విద్యాశాఖ. కట్టబోయేది బడిగా పనికొస్తుందా అన్నది వీళ్లు చూస్తారు. ఒకటో తరగతి నుంచి పైన మామూలు తరగతి గది 960 చదరపు అడుగులకు తగ్గకూడదు, కిండర్‌గార్టెన్ గది 1,350 ఉండాలి. కొత్త స్థలమైతే పైన హైటెన్షన్ తీగలు ఎంత దూరం, రైలు పట్టాలు 1,500 అడుగుల లోపు ఉన్నాయా, నేలలో విష పదార్థాలేమైనా ఉన్నాయా అని ఆరా తీస్తారు. మీది ఉన్న స్థలమే కాబట్టి ఇక్కడ పెద్దగా ఆగే అవకాశం తక్కువ.

రెండోది డీఎస్‌ఏ. రాష్ట్రం దగ్గర ఒక్క డాలరు అడగకపోయినా, మొత్తం ఖర్చు మీ బాండ్ డబ్బే అయినా, ఈ గుమ్మం దాటకుండా ప్రభుత్వ బడిలో నిర్మాణం మొదలుపెట్టకూడదు. మన ఇంటికి అదనపు గది వేసుకుంటే సిటీ వాళ్ల పర్మిట్ చాలు. బడికి సిటీ పర్మిట్ కాదు, డీఎస్‌ఏ ముద్రే.

మూడోది డబ్బు గుమ్మం. ఆఫీస్ ఆఫ్ పబ్లిక్ స్కూల్ కన్‌స్ట్రక్షన్ అనే కార్యాలయం దరఖాస్తులు చూస్తుంది, స్టేట్ అలొకేషన్ బోర్డు నిధులు కేటాయిస్తుంది. ఇవి శాక్రమెంటో ప్రాంతంలోనే ఉన్నాయి. ఇక్కడికి రావాలంటే పై రెండు అనుమతులూ చేతిలో ఉండాలి.

ఇంత ఎందుకు అని అడిగారు కదా. 1933 మార్చి 10, శుక్రవారం సాయంత్రం ఆరు కావస్తుండగా లాంగ్ బీచ్‌లో భూకంపం వచ్చింది. తీవ్రత 6.4. ఆ ప్రాంతంలో 230కి పైగా బడి భవనాలు కూలడమో, బాగా దెబ్బతినడమో, లోపలికి వెళ్లడానికి పనికిరాకుండా పోవడమో జరిగింది. అప్పటికి బడి విడిచిపెట్టి కొన్ని గంటలైంది. అదే మధ్యాహ్నం వచ్చి ఉంటే ఏమై ఉండేదో ఆలోచించి జనం వణికిపోయారు. సరిగ్గా నెల తిరిగేసరికి, ఏప్రిల్ 10న, ఫీల్డ్ చట్టం వచ్చింది. డాన్ ఫీల్డ్ అనే శాసనసభ్యుడి పేరు మీద దానికి ఆ పేరు. ప్లాన్లు అర్హతగల ఆర్కిటెక్టో ఇంజనీరో గీయాలి, రాష్ట్రం స్వతంత్రంగా పరిశీలించాలి, పని జరిగేటప్పుడు కాంట్రాక్టర్‌తో సంబంధం లేని ఇన్‌స్పెక్టర్ అక్కడే ఉండి చూడాలి, చివర్లో ఆమోదించిన ప్లాన్ ప్రకారమే కట్టారని అందరూ సంతకం పెట్టాలి. ఆ చట్టం సారం అంతే. ఆ తర్వాత కాలిఫోర్నియా ఎన్నో భూకంపాలు చూసింది. 1994లో నార్త్‌రిడ్జ్‌లో పార్కింగ్ భవనాలు, అపార్ట్‌మెంట్లు, ఫ్రీవే వంతెనలు కూలాయి. ఫీల్డ్ చట్టం కింద కట్టిన బడులు కూలలేదు.

మనకు ఈ విషయం ఇంకొంచెం లోతుగా తగలాలి. 2001 రిపబ్లిక్ డే ఉదయం గుజరాత్‌లోని అంజార్‌లో జెండాలు పట్టుకుని ఊరేగింపుగా వెళ్తున్న బడిపిల్లల మీద ఇరుకు వీధిలో రెండు వైపులా ఇళ్లు కూలాయి. 2004 జులైలో కుంభకోణం బడిలో మంటలు లేచి 94 మంది పిల్లలు పోయారు. బయటకు వచ్చే దారులు సరిగా లేని గదులు అవి. డీఎస్‌ఏ మీ ప్లాన్‌ను మూడు కళ్లతో చూస్తుంది: భూకంపానికి నిలబడుతుందా, అగ్నిప్రమాదంలో పిల్లలు బయటపడగలరా, వీల్‌చైర్‌లో ఉన్న పిల్లవాడు కూడా అందరిలాగే లోపలికి రాగలడా. ఈ మూడు ప్రశ్నల్లో ఏ ఒక్కదాన్నీ తొందరగా ముగించమని అడగడానికి నా నోరు రాదు. మీ నోరూ రాదనుకుంటాను.

నాడు-నేడు సంగతి కూడా ఒక్కమాట. ఆంధ్రప్రదేశ్‌లో తొలి విడతలోనే 15,715 బడుల్లో ఆ పనులు చేపట్టారు. తల్లిదండ్రుల కమిటీలు దగ్గరుండి పని చేయించుకోవడం మంచి విషయం, మీ అన్నయ్యగారి ఊళ్లో జరిగినదాని పట్ల నాకు గౌరవమే. కానీ అక్కడ ఎక్కువగా చేసినవి మరుగుదొడ్లు, తాగునీరు, రంగులు, బెంచీలు, ఫ్యాన్లు, మరమ్మతులు. మీ బడిలో అనుకుంటున్నది భూకంపాల నేల మీద కొత్త బ్లాక్. రెండింటినీ పక్కపక్కన పెట్టి బాధపడకండి.

అలాగని ఆలస్యమంతా భద్రత కోసమేనని మిమ్మల్ని సముదాయించను. నేను చూసినంతవరకు చాలా నెలలు పోయేది పరిశీలనలో కాదు, పరిశీలనకు ముందూ వెనకా. బాండ్ గెలిచాక ఆర్కిటెక్ట్‌ను ఎంపిక చేయడానికి ఆరు నెలలు. టీచర్లతో, ప్రిన్సిపాల్‌తో కూర్చుని ఏం కావాలో తేల్చుకోవడానికి ఇంకొన్ని నెలలు. మధ్యలో డిస్ట్రిక్ట్ భవనాల పనులు చూసే ఫెసిలిటీస్ అధికారి మారితే మళ్లీ మొదటికి. ఆ తర్వాతే ప్లాన్లు డీఎస్‌ఏకి చేరతాయి. సగం సగం ప్లాన్లు పంపితే వాళ్లు పరిశీలనకే తీసుకోకుండా తిప్పి పంపుతారు. తీసుకున్నాక సందేహాలు గుర్తుపెట్టి ఆర్కిటెక్ట్‌కి ఇస్తారు. ఆర్కిటెక్ట్ సరిదిద్దుకుని వెళ్లి కూర్చుని ఒక్కొక్కటీ చూపించి తేల్చుకోవాలి. ఆ దశను బ్యాక్ చెక్ అంటారు. ఇక్కడే మనలాంటివాళ్లు మోసపోతాం. ప్లాన్లు ఆర్కిటెక్ట్ ఆఫీసులో దిద్దుబాటు కోసం నెలల తరబడి ఉంటాయి. స్కూల్ బోర్డు మీటింగ్‌లో మాత్రం "డీఎస్‌ఏలో ఉంది" అంటారు. ఒక రకంగా అది అబద్ధమూ కాదు, దరఖాస్తు అక్కడ తెరిచే ఉంది. కానీ బంతి ఉన్నది మన కోర్టులో.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని చాలా చిన్నది. డిస్ట్రిక్ట్ ఫెసిలిటీస్ విభాగానికి మర్యాదగా ఒక ఈమెయిల్ రాసి డీఎస్‌ఏ దరఖాస్తు నంబరు అడగండి. ఇందులో రహస్యమేమీ లేదు. ఆ నంబరుతో డీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో ఎవరైనా ప్రాజెక్టు స్థితి చూసుకోవచ్చు: ఎప్పుడు అందింది, పరిశీలన పూర్తయిందా, దిద్దుబాటుకు ఎప్పుడు తిప్పి ఇచ్చారు, ఆమోదం వచ్చిందా అన్నీ తేదీలతో. నంబరు ఇవ్వడానికి తటపటాయిస్తున్నారంటే ఇంకా దరఖాస్తే పెట్టలేదేమో అని మీరు అడగొచ్చు. అదీ తప్పు కాదు, కానీ అప్పుడు చెప్పాల్సిన మాట వేరు. అప్పటికీ జవాబు రాకపోతే కాలిఫోర్నియా ప్రజా రికార్డుల చట్టం కింద రాతపూర్వకంగా అడిగే హక్కు మీకుంది.

రెండో ప్రశ్న: రాష్ట్రం డబ్బు కోసం ఆగారా, లేక బాండ్ డబ్బుతో ముందు మొదలుపెడుతున్నారా? పాత భవనాలు బాగుచేసే పనికి రాష్ట్రం మామూలుగా 60 శాతం, కొత్త నిర్మాణానికి 50 శాతం భరిస్తుంది. 2024 నవంబరులో ఓటర్లు గెలిపించిన ప్రతిపాదన 2 ప్రకారం, సొంతంగా డబ్బు పోగుచేసుకునే శక్తి తక్కువున్న డిస్ట్రిక్టులకు ఇది 65, 55 దాకా పెరుగుతుంది. ఆ ప్రతిపాదనతో 1,000 కోట్ల డాలర్లు వచ్చాయి. అందులో 850 కోట్లు బడులకు, వాటిలో ఆధునికీకరణకే 400 కోట్లు, మిగతాది కమ్యూనిటీ కాలేజీలకు. అంతకుముందు 2020 మార్చిలో 1,500 కోట్ల డాలర్ల ప్రతిపాదన ఓడిపోయింది. దాని నంబరు కూడా 13 కావడంతో, 1978 నాటి ఆస్తి పన్ను ప్రతిపాదన 13 అనుకుని తికమకపడ్డవాళ్లు మన తెలుగువాళ్లలోనూ ఉన్నారు. ఆ ఓటమి వల్ల అనుమతులన్నీ ఉన్న ప్రాజెక్టులు కూడా డబ్బు లేక వరుసలో నిలబడ్డాయి. ఎదురుచూడలేని డిస్ట్రిక్టులు స్థానిక బాండ్ డబ్బుతో కట్టేసి, తర్వాత రాష్ట్ర వాటా రాబట్టుకుంటాయి. మీ వాళ్లు ఏ దారిలో ఉన్నారో తెలియాలి.

ఇక్కడ ఇంకో సూక్ష్మం ఉంది, మీ ఉత్తరంలో రెండు పనులు కలిసిపోయాయి కాబట్టి చెబుతున్నాను. పాత బ్లాక్ బాగుచేయడం వేరు, కొత్త బ్లాక్ కట్టడం వేరు. బాగుచేసే నిధికి శాశ్వత భవనమైతే 25 ఏళ్లు, పోర్టబుల్ అయితే 20 ఏళ్లు నిండాలి. మీది 1970ల బడి, ఆ లెక్కన దాటేసింది. ఇదివరకే ఒకసారి ఆ నిధి వాడుకున్నారా అన్నది మాత్రం అడగండి. కొత్త నిర్మాణం నిధి అలా కాదు. రాబోయే ఐదేళ్లలో పిల్లలు ఎంతమంది ఉంటారు, ఉన్న గదుల్లో ఎంతమంది పడతారు అని లెక్కేస్తారు. ఎలిమెంటరీ గదికి 25 మంది చొప్పున. మన చుట్టుపక్కల చాలా డిస్ట్రిక్టుల్లో పిల్లల సంఖ్య తగ్గుతోంది. డిస్ట్రిక్ట్ మొత్తంలో ఖాళీ గదులున్నట్టు తేలితే మీ బడిలో ఎంత ఇరుకున్నా కొత్త బ్లాక్‌కు రాష్ట్రం పైసా ఇవ్వకపోవచ్చు. అలాంటప్పుడు రెండు పనుల్నీ ఒకే కట్టగా కట్టి కూర్చుంటే తేలికైనది బరువైనదానితో పాటు ఆగిపోతుంది. "పాత బ్లాక్‌ను విడదీసి ముందు పంపగలరా?" అన్నది మీరు బోర్డు ముందు అడగదగ్గ ప్రశ్న.

విడదీయకపోవడానికి కారణం కూడా ఉండొచ్చు, అది వినండి. పాత భవనం మీద పెట్టే ఖర్చు, దాన్ని కొత్తగా కడితే అయ్యే విలువలో సగం దాటితే, ఆ భవనాన్ని ఇప్పటి భూకంప ప్రమాణాలకు తీసుకురావాల్సి వస్తుంది. కిటికీలు, లైట్లు మారుద్దామని మొదలైన పని గోడలు, పునాదుల దాకా వెళ్తుంది. అప్పుడు కూల్చి కట్టడమే నయం అనిపించవచ్చు. ఆర్కిటెక్ట్ ఆ లెక్క వేశారా, వేస్తే ఎంత తేలింది, అది తల్లిదండ్రులకు చూపించారా? ఈ విషయం బోర్డు మీటింగ్‌లో ఎవరైనా అడిగితే తప్ప బయటకు రాదు.

ఇక నాకు బాగా అనుభవమైన సంగతి ఒకటి. మా కమిటీ చూసిన ఒక బడిలో ప్లాన్లన్నీ సిద్ధం, డబ్బూ సిద్ధం. కానీ అదే భవనంలో ఇరవై ఏళ్ల కిందట చేసిన ఒక పని ఫైలు మూయలేదని తేలింది. పని పూర్తయింది, పిల్లలు ఆ గదుల్లో చదువుకుంటున్నారు. చివరి నివేదికలు మాత్రం దాఖలు కాలేదు. అప్పటి ఇన్‌స్పెక్టర్ ఎక్కడున్నారో తెలియదు, కాంట్రాక్టర్ కంపెనీ మూతపడింది. సర్టిఫికేషన్ (ప్లాన్ ప్రకారమే కట్టారన్న డీఎస్‌ఏ ధ్రువీకరణ) లేని కట్టడం మీద ఆధారపడే కొత్త పనికి ముందు ఆ పాత లెక్క తేల్చాలి. గోడలు తెరిచి చూపించి, ఇంజనీర్‌తో లెక్కలు వేయించి, ఆ ఫైలు మూసేసరికి ఒక వేసవి మొత్తం పోయింది. వేసవి పోవడమంటే ఏడాది పోవడమే, ఎందుకంటే పిల్లలున్న బడిలో పెద్ద పనులు చేసేది జూన్, జులైల్లోనే. ఆ రోజు మీటింగ్ నుంచి ఇంటికి వచ్చి నేను అన్నం తినలేకపోయాను. ఎవరి తప్పు అంటే చెప్పడానికి ఎవరూ మిగల్లేదు. దయచేసి మీ బడి పేరుతో పాత ప్రాజెక్టులు ఏవైనా సర్టిఫికేషన్ లేకుండా ఉన్నాయేమో ఇప్పుడే చూడండి. అదే వెబ్‌సైట్‌లో బడి పేరుతో వెతికితే కనిపిస్తుంది. ఇది ఎంత ముందు తెలిస్తే అంత మేలు.

షేడ్ సంగతికి వస్తే, మీరు అనుకున్న సైజు షేడ్‌కి చాలావరకు డీఎస్‌ఏ ఆమోదం కావాల్సిందే. గాలికి, భూకంపానికి పిల్లల మీద పడకూడదు కదా. కానీ ఇందులో దగ్గరి దారి ఉంది. షేడ్లు తయారుచేసే కంపెనీలు కొన్ని తమ డిజైన్లకు డీఎస్‌ఏ దగ్గర ముందుగానే పరిశీలన చేయించి పెట్టుకుంటాయి. వాటిని ప్రీ-చెక్ డిజైన్లు అంటారు. అలాంటిది ఎంచుకుంటే మీ స్థలానికి సంబంధించిన విషయాలే చూస్తారు. చిన్న ప్రాజెక్టులకు అపాయింట్‌మెంట్ తీసుకుని కూర్చున్నచోటే పరిశీలన ముగించే పద్ధతీ ఉంది. కాబట్టి డబ్బు పోగుచేయడానికి ముందే డిస్ట్రిక్ట్‌తో మాట్లాడి ప్రీ-చెక్ ఉన్న డిజైన్ ఏదో తేల్చుకోండి. మనవాళ్లు ముందు డబ్బు పోగేసి, బల్క్‌లో చవగ్గా దొరికిందని కొనేసి, తర్వాత అది పనికిరాదని తెలిసి బాధపడతారు.

ఇంకోటి, షేడ్ ఖర్చు ఒక్కటే లెక్కేసుకోకండి. కొత్తగా ఏది కట్టినా అక్కడికి వీల్‌చైర్ వెళ్లే దారి ఉండాలి. గేటు నుంచి షేడ్ దాకా దారిలో వాలు ఎక్కువున్నా, దగ్గరి టాయిలెట్ తలుపు ఇరుకున్నా అవీ సరిచేయాలి. చిన్న ప్రాజెక్టుల్లో ఈ అదనపు ఖర్చును పని విలువలో 20 శాతానికి పరిమితం చేసుకునే వెసులుబాటు ఉంది. దానికి తోడు ఇన్‌స్పెక్టర్ జీతం, ఆర్కిటెక్ట్ ఫీజు, డీఎస్‌ఏ ఫీజు. విరాళం అడిగేటప్పుడే ఇవన్నీ కలిపి చెబితే తర్వాత గ్రూపులో మాటలు పడాల్సిన అవసరం రాదు. ఆ ర్యాంపు మీద రేపు ఏ పిల్లవాడు ఆటకు వస్తాడో మనకు తెలియదు, ఆ ఖర్చును దండగ అననివ్వకండి.

పిటిషన్ గురించి. అసెంబ్లీ మెంబర్ ప్లాన్ మీద ముద్ర వేయించలేరు, వేయించకూడదు. "మా ప్లాన్లు త్వరగా పాస్ చేయించండి" అని రాస్తే మంచి మాటలతో ఒక జవాబు వస్తుంది, అంతే. మీ బడి డబ్బు గుమ్మం దగ్గర ఆగిందని తేలితే మాత్రం ఆ పిటిషన్‌కు అర్థం ఉంది. నిధి ఎంత ఉండాలి, ఎలా పంచాలి అన్నది శాసనసభ, ఓటర్లు తేల్చేది. ముందు నంబరు, తేదీలు చేతిలో పెట్టుకుని, ఎవరికి రాయాలో ఆ తర్వాత నిర్ణయించండి.

పర్యవేక్షణ కమిటీకి తప్పకుండా దరఖాస్తు చేయండి, కానీ అదేమిటో తెలుసుకుని చేయండి. 2000లో గెలిచిన ప్రతిపాదన 39 వల్ల స్కూల్ బాండ్ గెలవడానికి 55 శాతం ఓట్లు చాలు. దానికి బదులుగా కనీసం ఏడుగురితో ఇలాంటి కమిటీ, ఏటా ఆడిట్‌లు తప్పనిసరి చేశారు. ఒక పిల్లల తల్లి లేదా తండ్రికి అందులో చోటు ఉంటుంది. మీరు అక్కడ ఏ బ్లాక్ ముందు కట్టాలో నిర్ణయించలేరు, కాంట్రాక్టర్‌ను ఎంపిక చేయలేరు. బాండ్ డబ్బు ఓటర్లకు చెప్పిన పనులకే పోతోందా అని చూడటం, చూసింది జనానికి చెప్పడం మీ పని. నాకు మొదట్లో ఇంతేనా అనిపించింది. తర్వాత అర్థమైంది, ప్రతి మీటింగ్‌లో "ఏ బడి, ఏ నంబరు, ఏ తేదీ, ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది" అని నాలుగు గడుల పట్టిక అడిగే ఒక్క మనిషి ఉంటే ఆర్కిటెక్టులు దిద్దుబాట్లు ముందే పూర్తి చేసుకుని వస్తారని. రెండేళ్ల పదవి. పిల్లల్ని చూసుకోవడానికి ఇంట్లో ఎవరైనా సాయం ఉంటే ఒప్పుకోండి. లేకపోతే మీటింగులకు వెళ్లి మూడు నిమిషాలు మాట్లాడినా చాలు, అవి అందరికీ తెరిచే ఉంటాయి.

ముందు ఆ ఈమెయిల్ పంపండి. డీఎస్‌ఏ దరఖాస్తు నంబర్లు కార్యాలయాన్ని బట్టి మొదలవుతాయి. మీకొచ్చిన నంబరు 01తో మొదలైతే అది ఓక్లాండ్ ఫైలు, మీ ఇంటికి దగ్గర్లోనే ఉంది. దాని పక్కన ఉన్న చివరి తేదీ ఏమిటో, ఆ తేదీన ప్లాన్లు ఎవరికి చేరాయో చూసి నాకు రాయండి, తర్వాతి అడుగు ఇద్దరం కలిసి ఆలోచిద్దాం.